కౌటు బిగించిన నాలుగు బోల్టులు

మా బావ కౌటును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ ఊరి చావడిలో నలుగురు కూర్చుంటే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. కౌటు లాంటివాడు మళ్ళీ పుట్టడు, అడిగితే లేదనే మాట ఆ నోట్లోంచి వచ్చి ఎరగం, అంటారు. నేను తల దించుకుని చాప పుల్లలు గిల్లుకుంటూ కూర్చుంటాను. ఆ మాట రాకపోబట్టే కదా పోయాడు. అడిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అసలు మొదట అడిగింది నేనే.

నా పేరు టెబానో. తరావా దీవిలో మినీబస్సు తోలుతాను, బికెనిబేవు నుంచి బెసియో దాకా, మళ్ళీ వెనక్కి. కౌటు మా రూటా అక్క మొగుడు. అంబోలో, రోడ్డుకు సముద్రపు మడుగు వైపున, సీమపనస చెట్టు కింద ఆయన షెడ్డు ఉండేది. ఇప్పుడూ ఉంది, రేకులు తుప్పు పట్టి. పొట్టిగా, బండగా, మెడ ఉందా లేదా అన్నట్టుండే మనిషి. ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉండేది. పదకొండేళ్ళు సరుకు ఓడల్లో, అడుగున ఇంజను గదిలో పనిచేశాడు. ఓడల మీదనుంచి వచ్చేవాళ్ళు టీవీలు, కుర్చీలు తెచ్చుకుంటే ఈయన ఒక పానాల పెట్టె తెచ్చుకున్నాడు. దాంతోపాటు చొక్కాల్లో చుట్టిన పొడుగాటి బిగింపు పానా ఒకటి. బోల్టును ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకుంటే, అంతకు చేరగానే టిక్కుమనే పానా అది. పని అయ్యాక తుడిచి మళ్ళీ చొక్కాలో చుట్టి పెట్టేవాడు. ఆ పానాకు చొక్కా తొడిగి పడుకోబెడతాడు, నా దుప్పటి మాత్రం లాగేసుకుంటాడు అని మా అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

మా దీవిలో ఏదీ పారెయ్యం. మాకు వచ్చే బళ్ళే ఎవరో వాడి వదిలేసినవి. ఇక్కడ ఉప్పుగాలికి మూడేళ్ళలో అడుగు తినేస్తుంది. చచ్చిన బండి తలుపులు పందుల దొడ్డికి గోడలవుతాయి, సీట్లు ఇంటి ముందుకు వస్తాయి, బోల్టులు ఇంకో బండిలోకి వెళతాయి. ఒక్క బోల్టు అయిదారు బళ్ళు తిరగడం మాకు వింత కాదు. ప్రతి మెకానిక్కు దగ్గరా పాలపొడి డబ్బాల్లో పాత బోల్టులు ఉంటాయి. సరిపోయింది ఏరుకుని బిగించడమే.

బావ దగ్గరా డబ్బాలు ఉండేవి. సైజుల వారీగా, కాలిన నూనెలో నానేసి. కాకపోతే ఆయన బోల్టుల్ని రెండు కులాలుగా విడదీశాడు. తలుపులవి, సీట్లవి, బంపర్లవి ఎన్నిసార్లైనా వాడేవాడు. చక్రాన్ని పట్టేవి, బ్రేకువి, స్టీరింగువి మాత్రం ఒకసారి విప్పితే మళ్ళీ వేసేవాడు కాదు. మొదటివి ఊడితే చప్పుడొస్తుంది, రెండోవి ఊడితే ఏడుపొస్తుంది అనేవాడు. కొత్తది వేసి బిగించాక, పాతదాన్ని ఇనప దిమ్మ మీద పెట్టి మరలు నలిగిపోయేదాకా సుత్తితో కొట్టేవాడు. ఇంకెవడూ ఏరుకుని వాడకుండా. కొత్తది చక్కగా కూర్చునేదాకా మాత్రం పాతదాన్ని ముట్టుకునేవాడు కాదు, కొలత చూసుకోవడానికి కావాలని.

ఊరంతా నవ్వింది. బోల్టుల పాస్టరు అని పేరు పెట్టారు. ఆదివారం గుడి బయట కనిపిస్తే, పాస్టరు గారూ, నా స్క్రూలకు కూడా దీవెన కావాలి అనేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేను. బావమరిదిని, నాకు ఆ హక్కు ఉందనుకునేవాణ్ణి.

నమ్మనివాళ్ళ కోసం ఆయన దగ్గర ఒక అద్దం ముక్క ఉండేది, బస్సు కిటికీది. దాని మీద కొత్త బోల్టును, అదే సైజు పాత బోల్టును పక్కపక్కన నిలబెట్టేవాడు. ఏది పొడుగో చెప్పమనేవాడు. రెండూ ఒకటేగా అంటే, కిందికి వంగి చూడమనేవాడు. వంగి చూస్తే పాతది వెంట్రుకవాసి పొడుగు. గట్టిగా బిగిస్తే బోల్టు సాగుతుందట. సాగి లాగి పట్టుకుంటేనే అది పట్టు. విప్పినప్పుడు మామూలుది వెనక్కి కుంచించుకుంటుంది, హద్దుదాకా లాగింది కుంచించుకోదు. చూడ్డానికి బోల్టే, లోపల సత్తువ ఉండదు, అనేవాడు. ఓడలో ఒకసారి ఎవరో తొందరపడి పాత బోల్టునే ఇంజనులో మళ్ళీ బిగించారట. అబాయాంగ్ దీవి మనిషొకడు, బావతో ఒకే గదిలో పడుకునేవాడు, ఆ ఇంజను పక్కన నిలబడి ఉన్నాడు. బావ వేలు అప్పుడే పోయింది. వేలు సంగతి అందరికీ చెప్పేవాడు గాని ఆ మనిషి సంగతి నాకు ఒక్కసారే చెప్పాడు.

ఇంత మొండివాడికి ఒక్కచోట మాత్రం నోరు పెగిలేది కాదు. మా దగ్గర బుబుటి అని ఒకటి ఉంది. చుట్టం వచ్చి మీ ఇంటి ముందు నేల మీద కూర్చుని, ఫలానాది నాకు కావాలి, ఇది బుబుటి, అంటే ఇక లేదనకూడదు. లేదన్నవాడు ఊళ్ళో తలెత్తుకుని తిరగలేడు, వాడి పిల్లల్ని కూడా పిసినారి సంతానం అంటారు. అందుకని మావాళ్ళు లేదనరు, దొరకరు. అడగడానికి ఎవరో వస్తున్నారని తెలిస్తే చేపలకని పడవెక్కేస్తారు, గుడి వెనక తిరుగుతారు, జ్వరమని ముసుగేస్తారు. నేను ఆ విద్యలో ఆరితేరినవాణ్ణి. బావకు అదొక్కటీ రాలేదు. షెడ్డులో కూర్చుని ఉండేవాడు, ఎవరొచ్చినా దొరికేవాడు. ఓడ కంపెనీ ఇచ్చిన ఉన్ని కోటు పోయింది, సైకిలు పోయింది, రేడియో పోయింది, ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది పోయింది. మా ఇంట్లో గోడలు మిగిలాయంటే అవి ఎవరికీ పనికి రాలేదు గనక, అనేది మా అక్క. నవ్వుతూనే అనేది అప్పట్లో.

ఆ ఏడు పడమటి గాలులు మొదలైన రోజుల్లో నా బస్సు ముందు ఎడమ చక్రం గుంటలో పడ్డప్పుడల్లా దడదడమనడం మొదలుపెట్టింది. బావ జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసి, బాల్ జాయింట్లు రెండు వైపులా అయిపోయాయన్నాడు. చక్రం నిలబడేదే వాటి మీద. జాయింట్లు నా దగ్గర ఉన్నాయి, ఎప్పుడో తెచ్చి పెట్టుకున్నవి. వాటిని పట్టుకునే బోల్టులు లేవు. పక్కకు రెండు, మొత్తం నాలుగు.

బావ దగ్గర ఉన్నాయి. కొత్తవి, నూనెగుడ్డలో చుట్టి, డబ్బాలో. ఆయన పికప్ బండి కూడా నా బస్సు తయారైన కంపెనీదే, ముందు భాగం అచ్చం ఒకటే. దానికీ ఇదే జబ్బు. సముద్రం అవతల సువా పట్నంలో ఉన్న స్నేహితుడి చేత మూడు నెలలకు తెప్పించుకున్నాడు ఆ నాలుగూ. బండి అప్పటికే విప్పి దిమ్మల మీద పెట్టి ఉంది.

మళ్ళీ ఓడ ఆరువారాలకు. అప్పటిదాకా బస్సు కదలదన్నాడు. పాతవే బిగించమన్నాను. బిగించనన్నాడు. రెండు రోజులు పోట్లాడుకున్నాం. బెసియోలో ఇంకో మెకానిక్కు అడక్కుండా బిగిస్తాడన్నాను.

“వెళ్ళు, ఎవరొద్దన్నారు? మీ అక్క మాత్రం ఆ బస్సెక్కదు,” అన్నాడు.

“నీ బోల్టులు పట్టుకుని ఊరేగు బావా. నా దారిలో ఇంకొకడు బస్సు తిప్పేస్తున్నాడు అవతల.”

“తిప్పనియ్యి. ఆరువారాలేగా. నా బండి పక్కన నీ బస్సు కూచుంటుంది. రెండూ కబుర్లు చెప్పుకుంటాయి.”

ఆ వెటకారానికి నాకు కోపంతో ఒళ్ళు తెలియలేదు. మూడోనాడు పొద్దున వెళ్ళాను. ఆయన సీమపనస కాయ కాల్చుకుంటున్నాడు. నాకూ ఒక ముక్క విరిచి ఇచ్చాడు. నేను తీసుకోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. బావ నా మొహం చూసి చేతిలో ముక్క కింద పెట్టేశాడు, నేను నోరు తెరవకముందే ఆయనకు అర్థమైపోయింది.

“ఆ నాలుగు బోల్టులూ నాకివ్వు బావా,” అన్నాను. “ఇది బుబుటి.”

నవ్వుతూనే అన్నాను. అంత పెద్ద మాట అంటున్నానని నాకు అనిపించలేదు. బావమరిదిని, బోల్టులే కదా అడిగాను, ఆయన ఇంటినేం ఎత్తుకుపోవడం లేదు కదా అనుకున్నాను. బావ లేచి డబ్బా తెచ్చాడు.

ఆ రోజు మధ్యాహ్నానికి బస్సు సిద్ధం చేశాడు. నాలుగు బోల్టులనూ పానాతో టిక్కుమనేదాకా బిగించి, ఆ పైన పావు చుట్టు తిప్పాడు. ఒక్కోదాని తల మీదనుంచి పక్క ఇనుము మీదికి తెల్లరంగుతో సన్నటి గీత గీశాడు. ఈ గీత తప్పి కనిపిస్తే, ఎక్కడున్నా బస్సు అక్కడే ఆపెయ్యమన్నాడు. నా పాత బోల్టులు నాలుగింటినీ నా కళ్ళ ముందే సుత్తితో నలగ్గొట్టాడు. తన బండివి కొట్టలేదు. వాటి స్థానంలో కొత్తవి ఇంకా కూర్చోలేదు కదా. అవి ఎప్పటిలా డబ్బాలోనే ఉన్నాయి. నేను ఈల వేసుకుంటూ బస్సు తీసుకుని వచ్చేశాను. ఆయన సువాకు మళ్ళీ కబురు పెట్టాడు.

అయిదు వారాలు గడిచాయి. బెసియోలో కొత్త చావడి ప్రారంభం వచ్చింది. బావ మేనమామ నకిబే పెద్దాయన వంశం తరఫున రెండు పందులు, చేమదుంపల బస్తాలు, మొగలి చాపలు పంపాలి. పంపలేకపోతే ఆ వంశం పరువు ఉండదు. పెద్దాయన బండి కోసం చూస్తున్నాడని బుధవారమే నా చెవిన పడింది. నన్ను అడుగుతాడని తెలుసు. వరసకు నాకూ పెద్ద, అడిగితే ఇవ్వక తప్పదు. శనివారం జనం అంతా బెసియోకు పోతారు, నాకు ఏడాదిలో అంత మంచి రోజు రాదు. ఆ రోజు బస్సులో పందుల్ని ఎక్కించుకుని తిరగనా?

అందుకని దొరకలేదు. గురువారం బువోటాలో స్నేహితుడి ఇంటి వెనక బస్సు పెట్టుకుని అక్కడే తిన్నాను. శుక్రవారం మా స్టాపు దగ్గరికి వస్తుండగా దూరం నుంచే చూశాను, పెద్దాయన నీడలో గొడుగు ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. రోడ్డు మధ్యలో బస్సు వెనక్కి తిప్పాను. లోపల జనం తిట్టిపోశారు. బ్రేకు ఏదో మోగుతోందని అబద్ధం చెప్పి, మలుపు తిరిగాక నవ్వుకున్నాను. అవును, నవ్వుకున్నాను. ఈ సంగతి ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

పెద్దాయన అక్కణ్ణుంచి లేచి నడుచుకుంటూ బావ షెడ్డుకు వెళ్ళాడు. తర్వాత జరిగింది మా అక్క చెప్పింది, తను అక్కడే బట్టలు ఉతుకుతోంది. బండి నడిచే స్థితిలో లేదని బావ చెప్పాడట. ఎందుకు లేదంటే, బోల్టులు లేవన్నాడట. పాతవి ఉన్నాయిగా, డబ్బాలో కనిపిస్తున్నాయిగా అన్నాడట ముసలాయన. ఆయన చెడ్డవాడని నేననను. పడవలు కట్టే చెయ్యి ఆయనది, ఇప్పటికీ కొబ్బరి పీచు తాడుతోనే కడతాడు. అందుకే బావ ఆయనకు అర్థమయ్యే మాటే అడిగాడట.

“మావయ్యా, పాత పడవకు విప్పిన తాడు తెచ్చి కొత్త పడవకు కడతావా?”

పెద్దాయన ఆలోచించాడట. కట్టను అన్నాడట. ఆ మాట అని, నేల మీద కూలబడ్డాడట. అప్పటికే మూడు రోజులుగా తిరుగుతున్నాడు, డెబ్భై ఏళ్ళ మనిషి, కాళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“ఒక్కరోజేరా. నెమ్మదిగా పోదువుగాని,” అన్నాడట. “నాకింకెవరూ దొరకలేదు. ఇది బుబుటి, కౌటు.”

అంతే. మా బావ లేచి జాకీ తీసుకున్నాడు.

శనివారం పొద్దున్నే ఆయన తన పాత బోల్టులు నాలుగింటినీ అద్దం మీద నిలబెట్టి, వంగి వంగి చూసి, తుడిచి బిగించాడు. పందులు, బస్తాలు, చాపలు ఎక్కించారు. పక్కన కూర్చుంటానని పెద్దాయన అంటే వద్దన్నాడు. వెనక ఎక్కుతామన్న కుర్రకారును దింపేశాడు. అక్క ఆ రోజు ఆడవాళ్ళతో కలిసి నాట్యం చెయ్యాల్సి ఉంది, కొత్త గౌను కుట్టించుకుంది, తలలో పువ్వులు పెట్టుకుని బండెక్కబోయింది. ఆమెనూ ఎక్కనివ్వలేదు. అక్కకు కోపం వచ్చింది. పందులకున్న విలువ నాకు లేదా అని అడిగిందట.

“నువ్వు టెబానో బస్సులో రా. అది గట్టిది,” అన్నాడట బావ.

అదే ఆమెతో ఆయన ఆఖరి మాట. ఆమె మొహం తిప్పుకుంది. ఆ మొహం తిప్పుకోవడం గురించి మా అక్క నాకు ఇరవైసార్లు చెప్పి ఉంటుంది.

అరగంట తర్వాత నా బస్సు అంబో చేరింది. అక్క ముందు సీట్లో, నా పక్కనే కూర్చుంది. దారి పొడుగునా మొగుణ్ణి తిడుతూనే ఉంది. బస్సు కిక్కిరిసి ఉంది, జనం పాడుతున్నారు, నేను కూడా గొంతు కలిపాను. బైరికి ఊరు దాటి, సముద్రం మధ్యనుంచి పోయే బెసియో కట్ట మీదికి ఎక్కాం. కట్ట సగానికి వచ్చేసరికి ముందు బళ్ళన్నీ ఆగి ఉన్నాయి. జనం దిగి అంచున నిలబడి కిందికి చూస్తున్నారు. నీళ్ళ మీద చేమదుంపలు తేలుతున్నాయి. ఒక పంది రాళ్ళ మీదికి ఈదుకొచ్చి నిలబడి వణుకుతోంది. దాని చెవికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ కట్టింది మా అక్కే.

ఆమె తలలో పువ్వులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు ఆగకముందే తలుపు తీసింది.

నెమ్మదిగానే పోతున్నాడని చూసినవాళ్ళంతా చెప్పారు. సైకిళ్ళు కూడా ఆయన్ని దాటిపోయాయట. ముందు ఎడమ చక్రం ఉన్నట్టుండి లోపలికి మడతపడిపోయింది, బండి ఆ పక్కకు ఒరిగి, పొట్టి గోడ దాటి, రాళ్ళ మీద తిరగబడి నీళ్ళలో పడింది. నిండు పోటు మీద ఉంది సముద్రం. ఆటు వేళ అయితే మోకాలి లోతు కూడా ఉండదక్కడ. అయిదుగురు దూకి తలుపు లాగేసరికే ఆలస్యమైంది.

సాయంత్రం నీళ్ళు తగ్గాక నేను దిగి చక్రం దగ్గర కూర్చున్నాను. ఒక బోల్టు మర జారి ఊడింది. రెండోది విరిగింది. విరిగినచోట సగం నల్లగా ఉంది, సగం తళతళ మెరుస్తోంది. నల్లగా ఉన్నంత మేరా ఎప్పుడో తెగిందని బావే నాకు చెప్పాడు ఒకప్పుడు, వేరే బండి బోల్టు చూపించి. అప్పుడు నేను ఆవులించాను. మెరిసే సగమే ఆ రోజు తెగింది. బావ అద్దం మీద పెట్టి ఎంత వంగి చూసినా కనిపించేది కాదది.

ఇంటి ముందే, సీమపనస చెట్టుకు అవతల పూడ్చాం. నకిబే పెద్దాయన మూడు రోజులు ఆ మట్టి పక్కనే కూర్చున్నాడు, ఎవరేం పెట్టినా తినలేదు. ఇప్పుడాయన ఎవర్నీ ఏమీ అడగడు. నిప్పు కావాలన్నా తానే వెతుక్కుంటాడు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. బస్సు వెనక్కి తిప్పిన సంగతి ఆ రోజు లోపల ఉన్న ఎవరో ఆడమనిషి మా అక్కకు చెప్పిందని నాకు తర్వాత తెలిసింది. అక్క ఆ మాట ఎత్తలేదు. అన్నం పెట్టేది, పక్కకు పోయి కూర్చునేది. ఆమె నా చెంప పగలగొట్టి ఉంటే నాకు కాస్త ఊపిరి ఆడేది.

పూడ్చిన తొమ్మిదో రోజుకు ఓడ వచ్చింది. బావ పేరు మీద చిన్న పొట్లం. విప్పితే నూనె కాగితంలో నాలుగు కొత్త బోల్టులు. ఆ కాగితం వాసనకు నాకు ఏడుపొచ్చింది, అక్క ముందే ఏడ్చాను. ఆమె పొట్లం నా చేతిలో పెట్టి, నేల మీద కూర్చుంది. నా అక్క నా ముందు నేల మీద కూర్చోవడం నేను పుట్టాక చూడలేదు.

“ఇవి నీ బస్సుకు బిగించుకో,” అంది. “దాన్లో ఉన్న నాలుగూ నాకివ్వు తమ్ముడూ. ఇది బుబుటి.”

నేనే బిగించాను. జాకీ ఎత్తి కిందికి దూరి చూస్తే, బావ గీసిన తెల్లగీతలు నాలుగూ ఎక్కడివక్కడే ఉన్నాయి, పిసరంత కూడా తప్పలేదు. మొదటి బోల్టు కదలడానికి నా ఒంటి బరువంతా పానా మీద వెయ్యాల్సి వచ్చింది. అది బావ బలం. కిర్రుమని అది వదులైనప్పుడు నా చేతుల్లోనుంచి ఏదో పోయినట్టయింది. కొత్తవి ఆయన పానాతోనే టిక్కుమనేదాకా బిగించాను. తర్వాత ఏం పోయేకాలమో, విప్పిన బోల్టుల్లో ఒకదాన్ని కొత్తదాని పక్కన పెట్టి చూడలేదే అనిపించింది. ఒక కొత్తదాన్ని మళ్ళీ విప్పితే అదీ పాతదైపోతుంది. అందుకని నాలుగింటినీ వరసగా అద్దం మీద నిలబెట్టి ఊరికే చూశాను.

అక్క వాటిని కడిగి, సమాధి తల దగ్గర రాతి మీద వరసగా పెట్టింది. తెల్లరంగు ఇంకా తలల మీద ఉంది. రోజూ పొద్దున ఉప్పునీరు తుడిచి కొబ్బరినూనె రాసేది. నేను పోయినప్పుడల్లా చూసేవాణ్ణి. నూనె రాసి, ఒక్కోదాన్ని కాసేపు గుప్పిట్లో పట్టుకునేది.

రెండు నెలలు కాబోలు గడిచాయి. మా పెదనాన్న కొడుకు ఇయెరెమియా అన్నయ్య వచ్చాడు. నెమ్మదస్తుడు, ఎవరికీ కీడు చేసేవాడు కాదు. అతనికీ అలాంటి బండే ఉంది, దాని చక్రం ఊగుతోందట. సమాధి వైపు చూస్తూ కాసేపు బావ మంచితనం గురించి మాట్లాడాడు. బోల్టులు నిగనిగలాడుతున్నాయి, రెండు నెలలు కూడా వాడలేదు, మా దీవిలో అవి కొత్తవాటి కిందే లెక్క. నేల మీద కూర్చున్నాడు.

“రూటా, ఆ నాలుగూ ఊరికే ఎండలో పడున్నాయిగా,” అన్నాడు. “నాకివ్వమ్మా. ఇది బుబుటి.”

“ఇవ్వను,” అంది అక్క.

అన్నయ్యకు వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. మొహం నల్లబడిపోయింది. పక్కింట్లో చాప నేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపేశారు. ఆ మాట ఒక బంధువు మొహం మీద అనగా నేనూ ఎప్పుడూ వినలేదు, వాళ్ళూ విని ఉండరు. అన్నయ్య లేవలేక, కూర్చోలేక అలాగే ఉన్నాడు. అక్క సమాధి దగ్గరికి వెళ్ళి బోల్టులు తీసుకుని షెడ్డులోకి నడిచింది. బావ సుత్తి గోడకు వేలాడుతోంది. ఒక బోల్టును ఇనప దిమ్మ మీద పెట్టి కొట్టింది. మూడు దెబ్బలకు మరలు నలిగిపోయాయి. రెండోది కొట్టింది. మూడోది కొట్టింది. ఆమె చేతికి నూనె అంటి సుత్తి జారుతోంది. ఆయన చేతిపని అంటూ ఆమెకు మిగిలింది అవే. సుత్తి నా వైపు చాచింది.

“నాలుగోది నువ్వు కొట్టు,” అంది.

కొట్టాను. ఎన్ని దెబ్బలు కొట్టానో నాకు తెలీదు. ఆగమని అక్క నా మణికట్టు పట్టుకునేసరికి అది బోల్టులా లేదు.

అప్పట్నుంచి పెదనాన్నగారి వైపువాళ్ళు మా అక్క గడప తొక్కలేదు. చావడిలో ఆమె కూర్చుంటే పక్క చాప ఖాళీగా ఉంటుంది. బావను మెచ్చుకునే నోళ్ళే ఆమెను పిసినారి అంటాయి. ఆమె పట్టించుకోదు. పట్టించుకునేది నేను. రోజూ బెసియో కట్ట దాటేటప్పుడు, ఆ రోజు నేను నేల మీద కూర్చున్నప్పుడు బావ కూడా ఆ ఒక్కమాట అని ఉంటే ఏమయ్యేదని లెక్క వేస్తుంటాను. నాకు కోపం వచ్చేది. బస్సు ఆయన బండి పక్కన నిలబెట్టి అలిగి కూర్చునేవాణ్ణి. ఆరువారాలు ఆయనతో మాట్లాడేవాణ్ణి కాదు. అంతే. ఆరువారాలు.